రొట్టె ఎవరికండీ?

ఇంట్లో రొట్టె కాల్చాలన్న కోరిక యుద్ధం నాకు అంటించిన జబ్బు. సామర్లకోట స్టేషన్లో ఒకసారి మిలటరీ బండి ఆగి ఉంటే, అందులో ఒక సిపాయి నా చేతిలోని అరటిపళ్ళు తీసుకుని బదులుగా ఒక రొట్టె ముక్క ఇచ్చాడు. యుద్ధం ముగిసింది, సిపాయిలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ రుచి మాత్రం నా నాలిక మీదనుంచి మకాం ఎత్తలేదు.

నేను తునిలో హైస్కూలు లెక్కల మాస్టర్ని. మా వర్తకుల ఇళ్ళలో తక్కెడ వదిలి సుద్దముక్క పట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. లెక్కల మాస్టరు ఏ పని చేసినా సూత్రం ప్రకారమే చేస్తాడు గనక, ఇత్తడి గంగాళంలో ఇసుక పోసి, పుల్లమజ్జిగతో పులియబెట్టిన గోధుమపిండి ముద్దను గిన్నెతో సహా అందులో దించి, మూతమీద నిప్పులు పేర్చి, గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రానికి బయటపడ్డ పదార్థాన్ని కాకికి వేస్తే, అది రెండుసార్లు పొడిచి చూసి, నా వంక జాలిగా చూసి ఎగిరిపోయింది. మా ఆవిడ కామాక్షి దాన్ని పారేయలేదు. ఊరగాయ జాడీ మూతమీద బరువుగా పెట్టింది. "చదువుకున్న మొగుడుంటే ఇంట్లో ఏదీ వృథా పోదు" అని పక్కింటావిడతో అంటూండగా విన్నాను.

ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది. అనకాపల్లిలో ఒక సాయిబుగారి భట్టీ ఉందనీ, ఆ రొట్టె ముందు మిలటరీ రొట్టె దిగదుడుపేననీ ఒక రైల్వే గార్డు చెప్పాడు. అనకాపల్లిలో మా చెల్లెలు సుభద్రను ఇచ్చాం. బావ సత్తెయ్య బెల్లం వర్తకుడు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలని, మాఘమాసంలో ఒక శనివారం ప్రయాణం కట్టాను.

తునిలో ఏడు గంటలకు రావలసిన పాసింజరు ఎనిమిదింటికి వచ్చింది. ఆ మాత్రం ఆలస్యానికే వచ్చినందుకు స్టేషను మాస్టరు మొహం వెలిగిపోయింది. మూడో తరగతి టిక్కెట్టు ముప్పావలా. ప్లాట్‌ఫారం మీద కాల్చిన తేగలు ఒక కట్ట కొన్నాను. ఈ దారిన వెళ్ళదలచినవారికి నా సలహా: తేగలు కొనండి, కాని పెట్టెలో అందరూ చూస్తుండగా తినకండి. నర్సీపట్నం రోడ్డు స్టేషను దాటేసరికి నాకు రెండే మిగిలాయి. మిగతావి "ఏ ఊరి తేగలండీ ఇవి?" అని అడిగినవారి కడుపుల్లోకి వెళ్ళాయి.

ఎలమంచిలిలో ఎండుచేపల గంపతో ఒక ముసలామె ఎక్కింది. పెట్టెలోని పెద్దమనుషులంతా పైపంచెలు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. వారిలో సగంమంది ఇళ్ళల్లో ఆ సాయంత్రం వంకాయతో ఉడికేవి ఆ గంపలోవేనని నా గట్టి నమ్మకం. ఆమెది రాంబిల్లి దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. పేరు పోలమ్మ. ఈ బండిమీద అనకాపల్లి వెళ్ళి, సాయంత్రం బండికి తిరిగి వస్తుందట. నా కాళ్ళ దగ్గర గంప దించి, దాని పక్కనే చతికిలబడింది.

"ఏటి పనిమీద ఎల్తన్నారు బాబూ?"

"రొట్టె కోసం" అన్నాను గర్వంగా.

ఆమె మొహం వాడిపోయింది. "అయ్యో! ఇంట్లో ఎవులికి బాబూ జొరం?"

"ఎవరికీ లేదు. తినాలనిపించింది, నాకే."

"ఒంట్లో బాగున్నోలు రొట్టె తింతారేటి?"

ఇక్కడ మా దేశాచారం ఒకటి చెప్పాలి. మాకు తినే రొట్టెలు వేరే ఉన్నాయి. దిబ్బరొట్టె ఉంది, జొన్నరొట్టె ఉంది. సాయిబు కాల్చే రొట్టె మాత్రం తిండి కాదు, మందు. జ్వరం వచ్చినవాడికి డాక్టరు అన్నం మాన్పించి, ఆ రొట్టెను పాలల్లో నానబెట్టి పెట్టమంటాడు. కనక ఏ ఇంటికైనా రొట్టె వెళ్ళిందంటే ఆ ఇంట్లో మంచం పరిచి ఉందన్నమాటే. వారం రోజులు వరసగా వెళ్ళిందంటే ఊళ్ళోవాళ్ళు వెదురు ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచన మొదలుపెడతారు. ఇదంతా నాకు తెలుసు. కాని విజ్ఞానం ముందు ఇలాంటి మూఢనమ్మకం ఎంత అనుకున్నాను.

పోలమ్మకు పిండి పులియడం వెనక ఉన్న రసాయన శాస్త్రం వివరించాను. కాసేపు ఓపిగ్గా విని, "అదెక్కడ దొరుకుతాది బాబూ? ఎవులికైనా ఇత్తారా, డాకటేరు సీటీ ఉండాలా?" అంది.

"డబ్బిస్తే ఎవరికైనా ఇస్తారు" అని చెప్పి, వదిలిన చోటినుంచి రసాయన శాస్త్రం మళ్ళీ అందుకున్నాను. ఆమె కశింకోట దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

పదిన్నర దాటాక అనకాపల్లిలో దిగాను. ఆ ఊరు కంటికి కనిపించే ముందు ముక్కుకు తెలుస్తుంది. ఏ వీధిలో చూసినా బెల్లం దిమ్మలు, దిమ్మల మీద తాటాకులు, తాటాకుల మీద ఈగలు. స్టేషనునుంచి బావ ఇంటికి జట్కావాడు బేడ అడిగాడు, బేడే తీసుకున్నాడు. తునిలో ఇలాంటి మనిషి ఉంటే సన్మానం చేసేవాళ్ళం.

బావ ఇల్లు వీధివైపు కొట్టు, వెనకవైపు కాపురం. ఆ కొట్టు సంగతి తెలియకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. బుచ్చయ్యపేట వైపు రైతులు బెల్లం వండి, బళ్ళకెత్తి, తెచ్చి బావ కొట్లో దించిపోతారు. బావ దాన్ని మంచి ధర చూసి అమ్మి, తన కమీషను మినహాయించుకుని మిగతాది వాళ్ళకు ఇస్తాడు. దించిన రోజుకూ డబ్బు చేతికందిన రోజుకూ మధ్య రైతుకు ఆధారం బావ మొహం ఒక్కటే. ఆ మొహం నిండుగా ఉంటే కొట్టు నిండుగా ఉంటుంది. కొన్నేళ్ళ కిందట అదే బజారులో ఒక వర్తకుడు జ్వరంతో పోయాడు. అన్నదమ్ములు కొట్టుకు తాళంమీద తాళం వేసుకుని కోర్టుకెక్కారు. రైతుల బెల్లం లోపలే కారి, చీమలపాలైంది. అప్పటినుంచి ఆ బజారులో వర్తకుడు తుమ్మితే బండి వెనక్కి తిరుగుతుంది.

సుభద్ర భోజనానికి ముందే దిబ్బరొట్టె పెట్టింది. కింద నిప్పులు, పైన నిప్పులు పెట్టి కాల్చింది, ఎర్రగా పెళుసుగా అట్టకట్టింది. దాంట్లోకి కొత్తబెల్లం పాకం. నేను మూడు ముక్కలు తిన్నాక, "ఇది రొట్టె కాదేటన్నయ్యా? దీనికోసం సాయిబు దగ్గరికి ఎల్లాలేటి?" అంది.

"దీనికి పొంగు లేదమ్మా" అన్నాను.

"నీకుంది కదా, సాల్లే" అంది.

బావ ఒక ముక్క తుంచి, నోట్లో పెట్టుకుని, పక్కకు తోసేశాడు. "పొద్దున్నుంచీ బెల్లం రుచి చూసి చూసి నోరు మొద్దుబారిపోయింది బావా" అన్నాడు. మిట్టమధ్యాహ్నం మెడకు మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. నాలుగు డబ్బులు చేరగానే మావాళ్ళు వేసే వేషాలు ఇలాగే ఉంటాయని మనసులో నవ్వుకున్నాను.

భట్టీకి బయలుదేరుతుంటే సుభద్ర పెరట్లోకి పిలిచింది. "ఎలాగూ ఎల్తన్నావు కదా, నాకూ ఒక రొట్టి అట్టుకురా అన్నయ్యా. ఈ సంచీలో ఎట్టుకో. ఎనకసందులోంచి రా. ఎవులైనా అడిగితే నీకోసమని సెప్పు." నా విద్యను గౌరవించే మనిషి మా వంశంలో ఒకరైనా ఉన్నందుకు సంతోషించాను. సాయిబు భట్టీ రొట్టె ఇంట్లోకి వస్తోందని ఇరుగుపొరుగు మడి ఆడవాళ్ళు గోల చేస్తారని ఆ జాగ్రత్తలు చెబుతోంది కాబోలు అనుకున్నాను.

కరీం సాయిబు భట్టీ ఊరి చివర తురకల వీధిలో ఉంది. మట్టీ ఇటుకా కలిపి కట్టిన పొట్ట, దానికి ఒక నోరు, లోపల సరుగుడు కట్టెల నిప్పు. సాయిబు నన్ను చూడగానే, "ఎవరికండీ?" అని అడిగాడు. ఎవరికీ కాదు, నేర్చుకుందామని వచ్చానంటే, చేతిలోని చెక్క పార కింద పెట్టేసి పెద్దగా నవ్వాడు.

"ఈ ఊల్లో ఒంట్లో బాగున్నోడు ఒక్కడు నా రొట్టె కొన్నాడా మాస్టారూ? మా అబ్బ కాలంనుంచీ నేదు. జొరాల రోజుల్లో భట్టీ రెండుపూటలా ఎలిగిత్తాను. జొరాలు తగ్గిపోయేయంటే మా ఇంట్లో ఉపాసాలే." ఆ మాట అని వెంటనే చెంపలు వేసుకున్నాడు. "తౌబా తౌబా! అందరూ సల్లగుండాల." కొంచెం ఆలోచించి, "మరీ సల్లగా అక్కర్నేదు" అన్నాడు.

సాయిబు గొప్పలు చెప్పడంలో ధారాళం, విద్య చెప్పడంలో పిసినారి. తన రొట్టె తిని ఎంతమంది దొరలు మంచం దిగారో అరగంట చెప్పాడు. పిండి దేనితో పొంగిస్తారని అడిగితే మాత్రం కట్టెలు సర్దడం మొదలుపెట్టాడు. నేను వదల్లేదు. చివరికి గొంతు తగ్గించి, "కల్లు" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. జ్వరం వచ్చిందని మడికట్టుకుని, లంఖణాలు చేసి, దేవుడికి మొక్కుకుని ఈ జిల్లా అంతా తింటున్న పథ్యంలో ఉన్నది తాటికల్లు! ఈ రహస్యం బయటపెడితే భట్టీ అయినా మూతపడాలి, లేకపోతే జనం కావాలని జ్వరాలైనా తెచ్చుకోవాలి. ఎటు జరుగుతుందో తెలియక నోరు మూసుకున్నాను.

నాది ఊరెళ్ళే రోజున తాజాగా కొనుక్కోవచ్చని చెల్లెలికి ఒకటే తీసుకున్నాను. ఆ రొట్టె అప్పుడే భట్టీలోంచి వచ్చింది. గోధుమరంగులో, పైన ఉబ్బెత్తుగా, పొగలు కక్కుతోంది. ఇక్కడే నా విజ్ఞానం కొంప ముంచింది. వేడి రొట్టెను సంచిలో పెడితే చెమర్చి, పైపెచ్చు మెత్తబడిపోతుంది. అలాంటి పాపం నేను చెయ్యలేను. రొట్టెను పైపంచె కొంగుతో పట్టుకున్నాను. గాలి తగలాలి గనక వెనకసందు మానేసి, విశాలంగా ఉన్న పెద్దబజారు దారిన, రెండు చేతుల మీదా దాన్ని పెట్టుకుని, ఊరేగింపుగా నడిచాను.

బావ కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఇంకో బెల్లం కొట్టుంది. దాని గుమాస్తా పైడయ్య అరుగుమీద కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. రొట్టెను చూసి లేచి నిలబడ్డాడు.

"రొట్టె ఎవరికండీ మాస్టారూ?"

అంతవరకు నన్ను ఆ ప్రశ్న నలుగురు అడిగారు. నలుగురికీ చెప్పిందే అతనికీ చెప్పాను. "మా బావగారింటికి."

నిజమే చెప్పాను. లెక్కల మాస్టర్ని, ఉన్నది ఉన్నట్టు చెప్పడం వృత్తిధర్మం. గుమ్మంలో నన్నూ, నా చేతుల్లో రొట్టెనూ, వెనకాల పెద్దబజారునూ చూసిన సుభద్ర మొహంలో నెత్తురు చుక్క లేదు. వంటింట్లోకి వెళ్ళిపోయింది. కల్లు వాసన పసిగట్టిందేమోనని భయపడ్డాను.

సాయంత్రం అయ్యేసరికి పరామర్శలు మొదలయ్యాయి. పక్కింటావిడ మిరియాల కషాయం తెచ్చింది. నూనెకొట్టు ముసలాయన వచ్చి, తన బావమరిది ఇలాంటి జ్వరంతోనే ఎంత హాయిగా పోయాడో చెప్పి వెళ్ళాడు. వచ్చినవాళ్ళందరితో బావ, "నాకేటి? గుండ్రాయిలాగున్నాను" అంటూనే ఉన్నాడు. వాళ్ళు తలలు ఊపి, బయటికి వెళ్ళి, "మాట తడబడతంది" అని గుసగుసలాడుకున్నారు.

ఆదివారం పొద్దున్న అసలు దెబ్బ తగిలింది. బుచ్చయ్యపేట బళ్ళు వరసగా వచ్చాయి. ముందు బండి అప్పన్నది. బావ కొట్టు తప్ప ఇంకో గడప తొక్కనివాడట. బండి ఆపి, దిగకుండానే బావను ఎగాదిగా చూశాడు. పైడయ్య ఎదురరుగు మీదనుంచి మూగవాడిలా చెయ్యి ఆడించి, రొట్టె అంత పరిమాణం చూపించాడు. అప్పన్న ఎడ్లను అదిలించి బండి ఎదుటి కొట్టువైపు తిప్పాడు. వెనక బళ్ళు కూడా తిరిగాయి.

"ఏటి మామా, నా కొట్టు కానరాలేదేటి?" అని బావ కేకేశాడు.

"నీ ఒల్లు సూసుకో అల్లుడా ముందు. బతికుంటే బలుసాకు. పై ఏడు ఎయ్యొచ్చు బెల్లం" అన్నాడు అప్పన్న, ఎంతో ప్రేమగా.

బావ రోడ్డుమీదకు దిగి చక్కా నడిచి చూపించాడు. ఊపిరి బిగబట్టి నడుస్తున్నాడన్నారు. నవ్వాడు. ఏడుపు దాచుకుంటున్నాడన్నారు. డాక్టర్ని పిలిచి చూపిద్దామని నేనన్నాను. డాక్టరు ఆ ఇంటి గుమ్మం ఎక్కితే ఇక ఎదుటి కొట్టువాడు ఆ గుమ్మానికి దండ పంపిస్తాడని బావ నన్ను కసిరాడు. అప్పుడు నాకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. "ఒక బెల్లం దిమ్మ ఎత్తి తక్కెడదాకా మోసుకెళ్ళు బావా. రోగిష్టివాడు దిమ్మ ఎత్తగలడా? నోళ్ళు మూతపడతాయి" అని గట్టిగానే అన్నాను, బజారు వినేటట్టు.

బావ నావైపు ఒక చూపు చూశాడు. అది మెచ్చుకోలు అనుకున్నాను. మఫ్లరు బిగించి, వంగి, దిమ్మను పొట్టకు ఆనించి ఎత్తి, తక్కెడలో పడేశాడు. తక్కెడ గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. మాఘమాసపు చలిలో చొక్కా అంతా తడిసి ముద్దయింది. కూర్చుని తినడానికి అలవాటుపడితే ఇంతేనని నేను తీర్మానించాను. బజారు ఇంకోలా తీర్మానించింది. అప్పన్న ఎదుటి కొట్టు ముందు బండిమీద తాటాకులు విప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడు కొట్టు గడప లోపలినుంచి సుభద్ర వచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గడప దాటి వీధి అరుగుమీదకు రాని మనిషి. ఒక చేతిలో మూకుడు, ఇంకో చేతిలో నెయ్యిగిన్నె. "అన్నయ్యా, కుంపటి అట్టుకురా" అంది. తెచ్చాను. నిన్నటి రొట్టె తెమ్మంది. తెచ్చాను. బజారంతా చూస్తుండగా దాన్ని ముక్కలుగా కోసింది, ఇంత నెయ్యి పోసి ఎర్రగా వేయించింది, యాలకులు వేసిన బెల్లం పాకంలో పడేసింది. ఆ వాసనకు ఎడ్లు కూడా తలలు తిప్పాయి.

"ఏటమ్మా అది?" అని అప్పన్న బండిమీదనుంచే అడిగాడు.

"మా అన్నయ్య తునినుంచి వచ్చేడు, కొత్త పిండివంట నేర్పేడు. మీ అల్లుడు రాత్రినుంచీ పీక్కుతింటన్నారు, సెయ్యమని" అంది సుభద్ర, చెంగు సర్దుకుంటూ. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణే గాని, అప్పుడు తల ఊపాను.

పళ్ళెంలో నెయ్యి కారుతున్న ముక్కలు పెట్టి బావకు ఇచ్చింది. బావ మూడు ముక్కలు తిన్నాడు. వేళ్ళు నాకాడు. నాలుగోది అడిగి మరీ పెట్టించుకుని తిని, బ్రేవుమన్నాడు. జ్వరం మనిషికి నెయ్యి విషం. పాకం అంతకంటే విషం. ఈ సంగతి పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు.

"నేతిలో ఏగిన సరుకు అలాగ లాగించేత్తే మరి జొరం ఏటి?" అన్నాడు అప్పన్న, పైడయ్య వైపు తిరిగి. బండి దిగి వచ్చి తనూ ఒక ముక్క అడిగాడు. నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "పాకం ఎవుల బెల్లం?"

"నీదే మామా" అన్నాడు బావ.

"నాదీ అలాగే ఉంటాది" అన్నాడు రెండో బండివాడు, ముక్క అందుకుని. "మాదైతే ఇంకా ఎర్రగొత్తాది" అన్నాడు మూడోవాడు. ఎవరి బెల్లం పాకం గొప్పదన్న తగువు ముదిరి, తేల్చుకోవడానికి అందరూ దిమ్మలు బావ కొట్లోనే దించి, తలా ఒక ముక్క పగలగొట్టి చూపించారు. మధ్యాహ్నానికి కొట్టు నిండింది. అదంతా నా రొట్టె మహిమేనని నేను మురిసిపోయాను.

బళ్ళు వెళ్ళిపోయాక బావ చేతులు కడుక్కుంటానని లోపలికి వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. మెచ్చుకోలు వినిపించుకుందామని నేనే వెళ్ళాను. పెరట్లో నూతి గట్టు పట్టుకుని తిన్నదంతా కక్కుకుంటున్నాడు. సుభద్ర వీపు రాస్తోంది. తరవాత ఇద్దరం పట్టుకుని నడిపించి మంచంమీద పడుకోబెట్టి, రెండు రగ్గులు కప్పాం. రగ్గుల కింద మంచం కోళ్ళు టకటకలాడేటంత వణుకు.

"ఎన్నాళ్ళనుంచీ?" అన్నాను.

"బళ్ళు మొదలైనకాడినుంచీ" అంది సుభద్ర. "రోజు మార్చి రోజు వత్తంది. విశాపట్నంనుంచి బిళ్ళలు తెప్పించేను. అన్నం ఇమడ్డం లేదు. రొట్టికి ఎవుల్ని పంపినా బజారుకి తెలిసిపోద్ది. నువ్వైతే రొట్టె పిచ్చోడివని అందరూ నవ్వుకుంటారు గాని అనుమానపడరనుకున్నాను. ఎనకసందులోంచి రమ్మన్నాను కదన్నయ్యా."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది. పథ్యానికి తెప్పించుకున్న ఒక్క రొట్టెనూ ఆవిడ తన చేతులతోనే నేతిలో వేయించి మొగుడి చేత తినిపించింది. ఆ మొగుడు దిమ్మ ఎత్తాడు, నా సలహా మీద. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. బావ రగ్గులోంచి తల బయటపెట్టి, పళ్ళు కొట్టుకుంటూ, "ఏడవకు బావా, బయటికి వినబడుద్ది" అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం మళ్ళీ సాయిబు దగ్గరికి వెళ్ళాను. అతను దిగులుగా ఉన్నాడు. "పొద్దున్నుంచి ముగ్గురు వచ్చేరు మాస్టారూ, నేతి రొట్టె సేసుకుంటారంట. ఒంట్లో బాగున్నోల్లే! నాకు భయమేత్తంది" అన్నాడు. రెండు రొట్టెలు కొన్నాను. ఒకటి వేడివేడిగానే సంచిలో, నా మాసిన బట్టల కింద కుక్కాను. పైపెచ్చు మెత్తబడితే పడింది. దాన్ని వెనకసందులోంచి తీసుకెళ్ళి సుభద్ర చేతికిచ్చాను. రెండోది మళ్ళీ రెండు చేతుల మీదా పెట్టుకుని, పెద్దబజారులోంచి, దగ్గుకుంటూ స్టేషనుకు నడిచాను.

సాయంత్రం బండిలో పైడయ్య నాకు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. మర్నాటి ఎలమంచిలి సంతకు వెళ్తున్నాడట. ఆ పక్కనే ఖాళీ గంపతో పోలమ్మ. బండి కదలగానే పైడయ్య చూపు నా ఒళ్ళోని రొట్టె మీద వాలింది.

"రొట్టె ఎవరికండీ మాస్టారూ? మీ బావగారికి నెమ్మదించలేదేటి?"

"నాకేనయ్యా" అన్నాను. "నెల్లాళ్ళుగా విడవని జ్వరం. చెల్లెలి దగ్గర పథ్యం తిందామని వస్తే, ఆ సత్తెయ్య తను నేతిముక్కలు మింగుతూ నన్నూ మింగమంటాడు. వాడికేం, గుండ్రాయి." ఆ మాటకు సాక్ష్యంగా ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. పాలు లేవు, పంచదార లేదు. అది గొంతులో అడ్డంపడి నిజంగానే దగ్గు వచ్చింది.

పైడయ్యకు నమ్మకం కుదరలేదు. "మొకం సూత్తే అలాగ లేదే" అన్నాడు.

పోలమ్మ లేచింది. పెట్టెలోని పెద్దమనుషులు పైపంచెలు ముక్కులకు పెట్టుకునేలోపలే, చేపల వాసన వేస్తున్న అరచెయ్యి నా నుదుటిమీద ఆనించింది. చల్లటి నుదురు. ఆమె కళ్ళు నా కళ్ళలోకి చూశాయి, పైడయ్య వైపు తిరిగాయి, మళ్ళీ నా దగ్గరికి వచ్చాయి.

"ఓలమ్మో!" అని చెయ్యి విదిలించుకుంది. "కాలిపోతన్నాడు బాబు! పెనం ముట్టుకున్నట్టుంది!"

పైడయ్య లేచి వెళ్ళి పెట్టె అవతలి మూల కూర్చున్నాడు. ఎలమంచిలిలో అందరికంటే ముందు అతనే దిగాడు.

పోలమ్మ గంపలోని గోనె సర్దుకుంటూ అందరూ దిగేదాకా ఆగింది. "ఎందుకలా చెప్పావు?" అని అడిగాను.

"ఎవులో ఇంట్లో పడున్నారు, సెప్పుకోనేక నువ్వు అబద్దమాడతన్నావు. నాకు తెలీదేటి బాబూ?" అంది. చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "మా ముసిలోడూ పడున్నాడు, పున్నం ముందు కాడినుంచీ. గంజి సుక్క దిగట్లేదు. జొరం కొంపలోంచి తెచ్చిన సేపలంటే ఎవులు కొంటారు? ఈయేల సాయిబు ఈదిదాకా ఎల్లేను. ఎవులైనా సూత్తారని ఎనక్కొచ్చేసేను." మొన్న ఉదయం ఇదే బండిలో ఆమె నన్ను రెండు ప్రశ్నలు అడిగింది, రొట్టె ఎక్కడ దొరుకుతుందని, డాక్టరు చీటీ ఉండాలా అని. ఒకదానికైనా నేను సరిగ్గా చెవి పెట్టి ఉంటే రసాయన శాస్త్రానికి వచ్చిన నష్టం ఏమీ లేదు.

రొట్టె ఆమె గంపలో గోనె కింద పెట్టాను. గంప ఎత్తి ఆమె తలమీద పెట్టాను. "పాలల్లో నానబెట్టి పెట్టు" అన్నాను. "తెలుసు బాబూ" అంటూ దిగిపోయింది.

అనకాపల్లి వెళ్ళేవారు కొత్తబెల్లం తినండి, దిబ్బరొట్టె పాకంలో ముంచుకోండి. ఆ ఊళ్ళో తీపికి కొదవ లేదు. చేదంతా ఇళ్ళ లోపల, రగ్గుల కింద ఉంటుంది. అది మనం అడిగితే చెప్పరు, అడక్కుండా కనిపెట్టాలి.

ఎనిమిదింటికి ఇంటికి చేరాను. ఊరగాయ జాడీమీద నా పాత రొట్టె అలాగే ఉంది. కామాక్షి నా సంచీ బోర్లించి చూసింది, మాసిన బట్టలు తప్ప ఏమీ రాలలేదు.

"మూడు రోజులు ఊరేగి వచ్చారు, రొట్టె ఏదీ?" అంది.

"ఇంట్లో అందరికీ ఒంట్లో బాగానే ఉంది కదా" అన్నాను. "మనకెందుకే రొట్టె?"